గ్రామ ఆరోగ్య కేంద్రాలకు ఉమ్మడి భూములు: చిత్తూరు, తిరుపతి జిల్లాలలో ఆచారము, చట్టము, విధానము

నేపథ్య వ్యాసం

గ్రామానికి ఆరోగ్య ఉపకేంద్రం గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గాని మంజూరైనపుడు భవన నిర్మాణానికి నిధుల కంటె ముందుగా పరిష్కరించవలసినది స్థలం సమస్య. దక్షిణ రాయలసీమ పల్లెలలో ఊరికి ఆనుకొని ఖాళీగా కనిపించే నేల చాలావరకు ఏదో ఒక ఆచారపు వినియోగంలో ఉంటుంది. మంద బయలు, కళ్లం, చింత తోపు, శ్మశానం, కుంట గర్భం, జాతర నేల ఇందుకు ఉదాహరణలు. ఇవి రికార్డులలో ప్రభుత్వ పోరంబోకుగా నమోదై ఉన్నప్పటికీ తరతరాలుగా వాడుకుంటున్న గ్రామస్థులు వాటిని తమ ఉమ్మడి ఆస్తిగానే భావిస్తారు. ఈ రెండు దృష్టుల మధ్య సమన్వయం కుదిరిన చోట ఆరోగ్య కేంద్రం ఊరి మధ్య వెలుస్తుంది. కుదరని చోట పని న్యాయస్థానంలో నిలిచిపోతుంది, లేదా భవనం ఊరికి దూరంగా నిర్మితమై గర్భిణులకు, వృద్ధులకు అందుబాటులో లేకుండా పోతుంది. ఈ విషయమై పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపయోగపడే సమాచారాన్ని ఈ వ్యాసంలో క్రోడీకరించడమైనది.

పూర్వరంగం

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడినది. నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి ప్రాంతాలు, కడప జిల్లా నుండి మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు ఇందులో చేరినవి. వీటితో పాటు కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీందారీలు కూడ జిల్లాలో భాగమైనవి. 1960లో సరిహద్దుల సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లగా సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాకు వచ్చినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తిరుపతి ప్రత్యేక జిల్లా అయినది. పూర్వపు నెల్లూరు జిల్లాకు చెందిన గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరగా, మదనపల్లె, పీలేరు ప్రాంతాలు అన్నమయ్య జిల్లాలో చేరినవి.

ఈ చరిత్రకు భూమి రికార్డులతో ప్రత్యక్ష సంబంధం గలదు. ఒకే రెవెన్యూ డివిజనులో రైత్వారీ గ్రామాలు, పూర్వపు జమీందారీ గ్రామాలు, ఇనాము గ్రామాలు పక్కపక్కనే ఉన్నవి. రైత్వారీ గ్రామాలలో సర్వే, సెటిల్‌మెంటు ముందుగానే జరిగినవి. జమీందారీ గ్రామాలలో 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం ఊరి ఉమ్మడి నేలలను గుర్తించినది. కళ్లాలు, పశువులు నిలిచే బయళ్లు, ఊరి నివేశన స్థలాలు, గ్రామస్థుల ఉమ్మడి వాడుకకు ప్రత్యేకించిన ఇతర నేలలు రైతు భూమి నిర్వచనంలోకి రావని ఆ చట్టం పేర్కొన్నది. అట్టి నేల అసలు ప్రయోజనానికి అవసరం లేదని తేలినపుడు దానిని వేరొక పనికి మళ్లించే అధికారాన్ని, తరువాత చేర్చిన 20-ఎ సెక్షన్ జిల్లా కలెక్టరుకు ఇచ్చినది. అవసరం తీరినదని తేల్చిన పిమ్మటనే మళ్లింపు అనే సూత్రం ఆనాటిది.

1948లో వచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టంతో ఎస్టేటులోని ఉమ్మడి భూములు, పోరంబోకులు, బీళ్లు, మేత భూములు, అడవులు, చెరువులు సమస్తం ప్రభుత్వ పరమైనవి. హక్కు ప్రభుత్వానిది అయినదేగాని, ఆవులు మేసే చోటు, శవాన్ని పూడ్చే చోటు మారలేదు. ఈనాటి వివాదాలలో అధిక భాగానికి మూలం ఇక్కడ గలదు.

1984 జనవరిలో కరణం, మునసబు వంటి వంశపారంపర్య గ్రామాధికార పదవులు రద్దయినవి. ఆ వ్యవస్థలోని లోపాల దృష్ట్యా ఆ నిర్ణయం తీసుకొనడం జరిగినది. అయితే ఏ సర్వే నంబరులో ఎవరు ఏమి వాడుకుంటున్నారనే నోటి సమాచారం కొంత ఆ తరంతోనే అంతరించినది. అందువలన నేడు స్థల పరిశీలనకు వెళ్లే అధికారి అడంగలు, పునఃసెటిల్‌మెంటు రిజిస్టరు, క్షేత్ర కొలతల పుస్తకంతో పాటు ఊరి పెద్దల సాక్ష్యాన్ని కూడ నమోదు చేసుకొనడం అవసరం.

ఆరోగ్య కేంద్రానికి తగిన స్థలం

1946లో భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల భావనను దేశం ముందుంచినది. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజాభివృద్ధి కార్యక్రమం ద్వారా బ్లాకు స్థాయిలో ఈ కేంద్రాలు మొదలైనవి. 2005 ఏప్రిల్ 12న ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వీటికి ప్రజారోగ్య ప్రమాణాలను నిర్దేశించినది. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాలలో 3,000 జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఈ సంఖ్యలు 30,000, 20,000 కాగా, సామాజిక ఆరోగ్య కేంద్రానికి 1,20,000, 80,000.

ఉపకేంద్రం గ్రామం లోపలే ఉండాలనీ, వీలైనంతవరకు ఎవరూ 3 కిలోమీటర్లకు మించి నడవవలసిన అవసరం రాకూడదనీ 2012 ప్రమాణాలు సూచించినవి. ప్రజల సౌకర్యంతో పాటు అక్కడ పనిచేసే ఆరోగ్య కార్యకర్త భద్రత కూడ ఇందుకు కారణం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చెత్త కుప్పలకు, పశువుల కొట్టాలకు, నీరు నిలిచే పల్లానికి దూరంగా ఉండాలనేది మరొక నియమం.

ఈ రెండు నియమాలను కలిపి చూచినపుడు క్షేత్రస్థాయి ఇబ్బంది స్పష్టమవుతుంది. ఊరి లోపల దొరికే ప్రభుత్వ నేల సాధారణంగా మంద బయలు లేదా కుంట అంచు. అభ్యంతరం లేని నేల గుట్ట వద్ద, శ్మశానం అవతల దొరుకుతుంది. తేలికగా దొరికినదనే కారణంతో ఊరికి దూరపు స్థలాన్ని ఎంచుకొన్నచో చీకటి పడిన తరువాత ఆ కేంద్రానికి ఎవరూ వెళ్లరు. పురిటి నొప్పులు వేళ చూసి రావు గనుక స్థల నిర్ణయమే సేవల నాణ్యతను సగం నిర్ణయిస్తుంది.

పోరంబోకు భూములు

1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం మేత భూములు, కళ్లాలు, దహన, ఖనన వాటికలు, పశువుల మందలు, బండి దారులు, తోపులు గ్రామ పంచాయతీకి దఖలు పడి ఉంటాయి. ప్రభుత్వానికి ప్రత్యేక ప్రయోజనం నిమిత్తం అవసరమైనపుడు నోటిఫికేషన్ ద్వారా వాటిని తిరిగి తీసుకొనవచ్చును. కనుక ఇట్టి భూమిలో ఆరోగ్య కేంద్రం నిర్మించుటకు రెవెన్యూ శాఖ ప్రతిపాదనతో పాటు పంచాయతీ తీర్మానం కూడ ముఖ్యం.

ప్రభుత్వ భూమి కేటాయింపునకు రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్లు, 2012 సెప్టెంబరు 14 నాటి జి.ఓ.ఎం.ఎస్. నంబరు 571 ద్వారా ప్రకటించిన భూ కేటాయింపు విధానం ఆధారములు. తహశీల్దారు స్థలాన్ని తనిఖీ చేసి, నక్షా, అడంగలు నకలు, పంచాయతీ తీర్మానంతో ప్రతిపాదన తయారు చేస్తారు. గ్రామంలో నోటీసు ప్రకటించి అభ్యంతరాలు ఆహ్వానిస్తారు. నేల వర్గీకరణ మార్పు అవసరమైన పక్షంలో అధికారం గలవారి ఉత్తర్వు పొందిన తరువాత భూమిని వైద్య ఆరోగ్య శాఖకు బదలాయిస్తారు. ఉత్తర్వులు రాకముందే ముందస్తు స్వాధీనం పేరుతో పునాదులు తీసిన సందర్భంలో, అనంతరం వచ్చే అభ్యంతరాన్ని పరిష్కరించడం కష్టమవుతుంది.

చెరువులు, కుంటల విషయంలో మినహాయింపులకు తావు లేదు. నీటి వనరులను ఇతర ప్రయోజనాలకు మళ్లించరాదని 2001లో హించ్ లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. 2002లో రాష్ట్రంలో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ఉద్దేశం కూడ నీటి వనరుల రక్షణయే. 2021 నవంబరు వరదలలో తిరుపతి సమీపాన రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడే ప్రమాదం ఏర్పడగా దిగువ గ్రామాల ప్రజలను ఖాళీ చేయించవలసి వచ్చినది. వర్షాలు లేని ఏళ్లలో ఎండి కనిపించే చెరువు నేలను స్థలంగా ఎంచుకొనరాదనుటకు ఇది నిదర్శనం.

2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉమ్మడి భూములకు సంబంధించి కీలకమైనది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలనీ, వాటిని క్రమబద్ధీకరించరాదనీ ఆ తీర్పు రాష్ట్రాలను ఆదేశించినది. భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం లీజు ఇచ్చిన సందర్భాలు, లేదా ఆ భూమిలో ఇప్పటికే పాఠశాల, వైద్యశాల వంటి ప్రజోపయోగ సంస్థ ఉన్న సందర్భాలు మాత్రమే మినహాయింపునకు అర్హమైనవి. ఇప్పటికే ఉన్న వైద్యశాలకు ఈ తీర్పు రక్షణ కల్పించినది. అయితే కొత్త వైద్యశాల పేరుతో మేత భూమిని విచారణ లేకుండా తీసుకొనుటకు అది అనుమతి కాదు.

పాఠశాల స్థలాలు

2020 తరువాత రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు, పదివేలకు పైగా గ్రామ ఆరోగ్య క్లినిక్కుల నిర్మాణం ఒకేసారి తలపెట్టినపుడు స్థలాల కొరత ఏర్పడినది. కొన్ని చోట్ల పాఠశాలల ఆవరణలను ఎంచుకొనగా, పాఠశాల ప్రాంగణాలలో సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు నిర్మించరాదని 2020లో రాష్ట్ర హైకోర్టు ఆదేశించినది. ఆదేశాల అమలులో జాప్యం జరిగిన కారణంగా 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐ.ఎ.ఎస్. అధికారులను కోర్టు ధిక్కారం కింద బాధ్యులను చేసి, సంక్షేమ వసతి గృహాలలో సేవ చేయవలసిందిగా నిర్దేశించినది. ఒక ప్రజా ప్రయోజనం కోసం మరొక ప్రజా ప్రయోజనాన్ని కుదించరాదనేది ఈ ఉదంతం వెల్లడించిన అంశం.

డి.కె.టి. భూములు

దరఖాస్తుపై పేదలకు ఇచ్చిన ప్రభుత్వ భూములను చిత్తూరు ప్రాంతంలో డి.కె.టి. భూములుగా వ్యవహరిస్తారు. 1977 నాటి 9వ చట్టం వీటి అన్యాక్రాంతాన్ని నిషేధించినది. ప్రజా ప్రయోజనం కోసం వెనుకకు తీసుకొనవచ్చును గాని ఉచితంగా కాదు. పట్టాదారులకు మార్కెట్ విలువకు సమానమైన ఎక్స్‌గ్రేషియా చెల్లించాలని 1993 డిసెంబరు 23 నాటి జి.ఓ.ఎం.ఎస్. నంబరు 1307 నిర్దేశించినది. పూర్తి హక్కుదారులతో సమానంగా నష్టపరిహారానికి అసైనీలు అర్హులని 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పినది.

ఈ భూముల లబ్ధిదారులలో షెడ్యూల్డు కులాలు, తెగల వారు అధికం. వారికి కేటాయించిన భూమిని అన్యాయంగా స్వాధీనం చేసుకొనడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. దళితవాడ పక్కనున్న ఎకరం భూమి తేలికగా లభిస్తుందనే భావనతో ప్రతి ప్రజా భవనాన్నీ అక్కడే ప్రతిపాదించడం పరిపాటి కారాదు.

పునఃసెటిల్‌మెంటు రిజిస్టరులో యజమాని పేరుకు బదులు చుక్కలు మాత్రమే ఉన్న భూములను చుక్కల భూములు అంటారు. వీటిని ప్రభుత్వ భూములుగా భావించి నేరుగా కేటాయించుట సరికాదు. దీర్ఘకాల అనుభవదారుల హక్కును నిర్ధారించుటకు 2017లో ప్రత్యేక చట్టం వచ్చినది.

అటవీ సమీప గ్రామాలు

చిత్తూరు, తిరుపతి జిల్లాలలో షెడ్యూల్డు ప్రాంతాలు లేవు. అయితే యానాదులు, ఎరుకలవారు, సుగాలీలు నివసించే పల్లెలు గలవు. శేషాచలం, కౌండిన్య అటవీ ప్రాంతాల అంచు గ్రామాలలో రెవెన్యూ భూమి దొరకనపుడు 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం 3(2) సెక్షన్ మార్గం చూపుతుంది. పాఠశాల, వైద్యశాల, అంగన్‌వాడీ, తాగునీటి పథకం, రోడ్డు తదితర 13 రకాల సదుపాయాలకు అటవీ భూమిని మళ్లించవచ్చును. ఒక్కొక్క సదుపాయానికి భూమి ఒక హెక్టారు లోపు ఉండాలి. నరికే చెట్లు హెక్టారుకు 75కు మించరాదు. గ్రామసభ సిఫారసు తప్పనిసరి. అటవీ సంరక్షణ చట్టంతో నిమిత్తం లేకుండ ఈ మళ్లింపు సాధ్యమగుట ఇందులోని విశేషం. మూడు కుటుంబాల గూడెమైనా, ముప్పది కుటుంబాల తండా అయినా గ్రామసభకు హాజరై మాట్లాడినపుడే ఈ నిబంధనకు సార్థకత.

దేవాలయ, మఠ, ఇనాము భూములు

తిరుమల, శ్రీకాళహస్తి, కాణిపాకం వంటి క్షేత్రాలున్న ఈ ప్రాంతంలో దేవాదాయ భూములు విస్తారం. 1843 నుండి 1933 వరకు తిరుమల ఆలయ పాలన నిర్వహించిన హథీరాంజీ మఠానికి కూడ తిరుపతి పరిసరాలలో భూములు గలవు. 1987 నాటి 30వ చట్టం 80వ సెక్షన్ ప్రకారం ధార్మిక సంస్థల స్థిరాస్తి అన్యాక్రాంతానికి ముందస్తు అనుమతి అవసరం. ఆ లావాదేవీ సంస్థకు ప్రయోజనకరమై ఉండాలి. కనుక గుడి మాన్యంలో వైద్యశాల నిర్మించవలెనన్న ఊరి పెద్దల అంగీకారం ఎంత సదుద్దేశంతో కూడినదైనా చట్టరీత్యా చాలదు. 1956 నాటి ఇనాముల రద్దు చట్టం కింద విచారణ పూర్తికాని భూములకు ముందుగా హక్కు నిర్ధారణ జరగాలి. 22-ఎ నిషేధిత జాబితాను పరిశీలించుట ప్రతి సందర్భంలోను అవసరం.

దానంగా ఇచ్చిన భూములు

ఆసుపత్రికి భూమి దానం చేయడం ఈ ప్రాంతంలో గౌరవప్రదమైన సంప్రదాయం. దాత పేరు శిలాఫలకంపై చెక్కినంత మాత్రాన హక్కు బదిలీ కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దానానికి ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు దస్తావేజు ఉండాలి. తండ్రి మాట మీద ఇచ్చిన నేలను తరువాతి తరం తిరిగి కోరినపుడు, దస్తావేజు లేని ఆరోగ్య కేంద్రం నిస్సహాయ స్థితిలో పడుతుంది. ఉమ్మడి కుటుంబపు ఆస్తి అయినచో వాటాదారులందరి సమ్మతి పొందుట శ్రేయస్కరం.

భూసేకరణ చట్టం

పై మార్గాలు లేనపుడు ప్రైవేటు భూమిని సేకరించవలసి ఉంటుంది. 1894 నాటి చట్టం స్థానంలో 2013 నాటి 30వ చట్టం 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. ఆరోగ్య సంరక్షణ ఈ చట్టం కింద ప్రజా ప్రయోజనమే. ప్రైవేటు ఆసుపత్రులు దీని పరిధిలోకి రావు. పూర్వ చట్టంలో 30 శాతంగా ఉన్న సొలేషియం నూరు శాతమైనది. గ్రామీణ ప్రాంతంలో పట్టణ దూరాన్ని బట్టి మార్కెట్ విలువను 1 నుండి 2 వరకు గల గుణకంతో హెచ్చిస్తారు. ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజులలోగా అభ్యంతరాలు తెలుపవచ్చును.

ఆచారపు వినియోగానికి ఈ చట్టం ఇచ్చిన గుర్తింపు గమనించదగినది. భూమి స్వంతం కాకపోయినా దానిపై మూడేళ్లుగా ఆధారపడిన వ్యవసాయ కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవారు బాధిత కుటుంబాల నిర్వచనంలోకి వస్తారు. సామాజిక ప్రభావ అంచనాలో మేత భూములు, పశువుల నీటి వనరులు, ఊరి కుంటలు, ప్రార్థనా స్థలాలు, శ్మశానాలపై పడే ప్రభావాన్ని పరిగణించాలని 4వ సెక్షన్ నిర్దేశించినది. అదే జాబితాలో ఆరోగ్య సదుపాయాలు కూడ ఉన్నవి. అనగా మేత బయలు, వైద్యశాల రెండూ గ్రామ జీవనానికి అవసరమైనవేనని చట్టం గుర్తించినది. 2018లో రాష్ట్రం చేసిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులకు ప్రభావ అంచనా నుండి మినహాయింపునకు, పరస్పర అంగీకారంతో భూమి తీసుకొనుటకు వీలు కల్పించినది.

రికార్డుల భద్రత

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్-కలెక్టరు కార్యాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో భూములకు సంబంధించిన దస్త్రాలు దగ్ధమైనవి. ఒకే ప్రతిపై ఆధారపడుట ఎంత ప్రమాదకరమో ఈ ఘటన తెలిపినది. కేటాయింపు ఉత్తర్వు, నక్షా, పంచాయతీ తీర్మానం, స్వాధీన పంచనామాల నకళ్లు తహశీల్దారు కార్యాలయంతో పాటు పంచాయతీలోను, ఆరోగ్య కేంద్రంలోను భద్రపరచుట వాంఛనీయం. 2020 డిసెంబరులో ప్రారంభమైన భూముల పునఃసర్వే జరిగిన గ్రామాలలో పాత, కొత్త సర్వే నంబర్లు రెండింటినీ నమోదు చేయాలి. లేనిచో కొత్త రికార్డులో ఆరోగ్య కేంద్రపు నేల తిరిగి బయలుగానే మిగిలిపోయే అవకాశం ఉన్నది.

పరిశీలించవలసిన ముఖ్యాంశాలు

1. ప్రతిపాదిత నేల వర్గీకరణ ఏమిటి? రికార్డులోని వాడుక, వాస్తవపు వాడుక ఒకటేనా?
2. గ్రామసభకు ఆ నేలను వాడుకొనేవారు హాజరైనారా? పశుపోషకులు, గొర్రెల కాపరులు, దళితవాడ, గిరిజన కాలనీవాసుల అభిప్రాయం విడిగా నమోదైనదా?
3. శ్మశానం, జాతర నేల, నీటి దారి ఆ సర్వే నంబరులో భాగంగా ఉన్నవా? ఉన్నచో వాటిని మినహాయించి ఉపవిభజన చేశారా?
4. మేత భూమిని తీసుకొన్నచో ప్రత్యామ్నాయ బయలును ఉత్తర్వులోనే చూపినారా?
5. వర్షాకాలంలో, రాత్రి వేళలో ఒంటరిగా వచ్చే స్త్రీకి ఆ దారి సురక్షితమేనా?
6. దానపు భూమికి రిజిస్టరు దస్తావేజు, డి.కె.టి. భూమికి పరిహారపు చెల్లింపు పూర్తయినవా?

ఉమ్మడి నేలను కోల్పోయే కుటుంబాలు సాధారణంగా ఆరోగ్య కేంద్రం అవసరం అధికంగా గల కుటుంబాలే. పట్టణంలో ప్రైవేటు వైద్యం పొందగల స్తోమత వారికి లేదు. మేకల మేతకు, కాన్పు గదికి మధ్య ఒకదానిని ఎంచుకొనవలసిన స్థితి వారికి రాకుండ చూచుట స్థల ఎంపికలో అధికారుల ప్రథమ బాధ్యత. తనిఖీ రోజున ఆ బయలులో నిలిచి, అక్కడికి వచ్చేవారితో మాట్లాడి నమోదు చేసిన నివేదిక అందుకు తొలి ఆధారం.